సగం పనికి రాజముద్ర

మన సాఫ్ట్‌వేర్ రాజ్యంలో ఒక పని పూర్తయిందో లేదో తేల్చే అధికారి ఎవరో తెలుసా? పని చెప్పిన మేనేజరు కాదు. కోడు రాసిన ఇంజనీరు కాదు. టెస్టింగ్ టీము అసలే కాదు. ఆటోకమిట్ అనే ఒక సెట్టింగు. వారిని ఎవరూ నియమించలేదు, ఎవరూ ఎన్నుకోలేదు. డేటాబేస్‌కి కనెక్షన్ తెరిచేసరికే కుర్చీలో కూర్చుని ఉంటారు. మీరు పంపిన ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని అందుకుంటారు, నడిపిస్తారు, నడవగానే ముద్ర గుద్దేస్తారు. ఇక అది శాశ్వతం. "అయ్యా, ఇదొక్కటే కాదు, వెనక ఇంకో మూడున్నాయి, నాలుగూ అయితేనే పని అయినట్టు" అని మీరు మనసులో అనుకుంటే వారికి వినపడదు. మనసులో మాట వినే ఫీచరు ఇంకా ఏ వెర్షన్‌లోనూ రాలేదు.

వారిని తిట్టి లాభం లేదు. ఒక్కో వాక్యాన్నీ ఒక్కో పనిగా లెక్కేసుకోమని చెప్పి కూర్చోబెట్టారు, అదే చేస్తున్నారు, నిజాయితీగా చేస్తున్నారు. అసలు పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసినవాళ్ళం మనం. మొదట బిగిన్, చివర కమిట్, తేడా వస్తే రోల్‌బ్యాక్. ఈ మూడు మాటలు చెప్పడానికి మనకి నోరు రాలేదు. ఆ మౌనవ్రతంలో ఉన్న మహానుభావులకే ఈ అక్షింతలు.

ముందు చదువుల సంగతి చూద్దాం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డేటాబేస్ పాఠం విన్నవాళ్ళని అర్ధరాత్రి లేపి అడగండి, కళ్ళు తెరవకుండానే ఏసిడ్ ప్రాపర్టీస్ అప్పజెప్తారు. అటామిసిటీ, కన్సిస్టెన్సీ, ఐసొలేషన్, డ్యూరబిలిటీ. ఉదాహరణ? రాము ఖాతాలోంచి ఐదు వేలు తీసి సోము ఖాతాలో వెయ్యడం. తీశాక, వెయ్యకముందు కరెంటు పోతే? "రోల్‌బ్యాక్ అయిపోతుంది సార్!" ఎవరు చెప్తే అవుతుంది నాయనా? అక్కడితో సిలబస్ అయిపోతుంది. ఆ తర్వాత మాక్ ఇంటర్వ్యూ, ఆ తర్వాత రెజ్యూమె.

ట్రాన్సాక్షన్ అనే ఆలోచనకి ఉన్న బలాలేమిటో, పరిమితులేమిటో జిమ్ గ్రే 1981లోనే పేపరు రాసిపెట్టాడు. థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ 1983లో ఆ గుణాలకి ఏసిడ్ అని పేరు పెట్టారు. గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. అంతమంది పెద్దలు బుర్రలు బద్దలుకొట్టుకున్నది దేనికి? పని మొత్తం జరగాలి, లేదా అసలు జరగనట్టే ఉండాలి అనే ఒక్క హామీ కోసం. మనవాళ్ళు ఆ హామీని బట్టీపట్టారు. హామీ దేనికి వర్తిస్తుందో చెప్పాల్సిన బాధ్యతని మాత్రం సెలవు మీద పంపేశారు.

రాము-సోముల కథనే ఆటోకమిట్‌లో నడిపి చూడండి. రెండు అప్‌డేట్‌లు, అంటే రెండు ట్రాన్సాక్షన్లు. మొదటిది అయింది, ముద్ర పడింది, డిస్కుకెక్కింది. రెండోది రాకముందే సర్వర్ పడిపోయింది. ఇప్పుడు ఏసిడ్ గుణాల్ని ఒక్కొక్కటిగా తనిఖీ చెయ్యండి. మొదటి అప్‌డేట్ అటామిక్కేనా? ముమ్మాటికీ. డ్యూరబుల్లేనా? రాము డబ్బు పోవడం అనేది సర్వర్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా చెక్కుచెదరదు. నాలుగు గుణాల్లో దేనికీ భంగం కలగలేదు. భంగం కలిగిందల్లా సోముకి.

బ్యాంకు ఉదాహరణ పుస్తకాలకే అరిగిపోయింది కనుక, ఒక పచ్చళ్ళ దుకాణం వెబ్‌సైటు అనుకుందాం. కస్టమరు మూడు సీసాల ఆవకాయ ఆర్డరిచ్చి, దసరా కూపన్ వాడాడు. కోడు నాలుగు వాక్యాలు పంపింది. ఒకటి, ఆర్డర్ల టేబుల్లో ఒక రో. రెండు, స్టాకులోంచి మూడు తగ్గింపు. మూడు, కూపన్ వాడేసినట్టు గుర్తు. నాలుగు, డెలివరీ టేబుల్లో చిరునామా. ఆ చిరునామా మన ఊళ్ళ పద్ధతిలో ఉంది: పాత బస్టాండు వెనక సందు, రామాలయం ఎదురుగా, నీళ్ళ ట్యాంకు దాటాక ఎడమ చేతివైపు పచ్చ గేటు. కాలమ్‌లో పట్టేది యాభై అక్షరాలు. నాలుగో వాక్యం ఎర్రర్ కొట్టింది. ముందు మూడింటికీ అప్పటికే ముద్ర పడిపోయింది.

స్క్రీన్ మీద "సమ్‌థింగ్ వెంట్ రాంగ్, ప్లీజ్ ట్రై ఎగైన్" అని వచ్చింది. కస్టమరు ఓపికమంతుడు, మళ్ళీ నొక్కాడు. "ఈ కూపన్ ఇదివరకే వాడేశారు" అంది సైటు. పోనీలెమ్మని కూపన్ లేకుండా నొక్కాడు. స్టాకులోంచి ఇంకో మూడు సీసాలు తగ్గాయి, చిరునామా దగ్గర మళ్ళీ అదే ఎర్రర్. గోడౌన్లో సీసాలు కళ్ళెదుట ఉన్నాయి, సైటులో మాత్రం ఆరు తక్కువ. నెలాఖరున లెక్క తేలక ఓనరు స్టోరు కుర్రాడి మీద పడ్డాడు. లెక్క వాడే తప్పు రాశాడని నింద. తప్పు రాసింది ఆటోకమిట్.

దీనికి మందు ఏమిటి? ముందొక బిగిన్, నాలుగో వాక్యం తర్వాత ఒక కమిట్, ఎక్కడ తేడా వచ్చినా రోల్‌బ్యాక్. అప్పుడు ఆర్డరూ ఉండదు, స్టాకూ తగ్గదు, కూపన్ కస్టమరు దగ్గరే ఉంటుంది. మనవాళ్ళు వేసే మందు వేరు. టికెట్ మీద "ఎడ్జ్ కేస్" అని రాసి క్లోజ్ చేస్తారు. ఓనరు గోల ఎక్కువైతే రోజూ రాత్రి రెండింటికి నడిచి అనాథ ఆర్డర్లని ఏరిపారేసే క్లీనప్ స్క్రిప్టు ఒకటి పెడతారు. అది కూడా ఆటోకమిట్‌లోనే. మధ్యలో ఆగిపోతే ఎంతవరకు ఏరిందో తేల్చడానికి ఇంకో స్క్రిప్టు.

ఇక ప్రొడక్షన్ వీరుల పరాక్రమం. రిలీజు రాత్రి, కాల్‌లో పదిమంది, స్క్రీన్ షేరింగు. ఒక కస్టమరు ఫోన్ నంబరు మార్చాలి. "చిన్న మార్పే సార్, డైరెక్ట్‌గా కొట్టేస్తా" అంటూ వీరుడు అప్‌డేట్ రాశాడు. వేర్ రాయాల్సిన చోట సెమికోలన్ పెట్టి ఎంటర్ నొక్కాడు. తెర మీద ప్రశాంతంగా ఒక లైను: క్వెరీ ఓకే, 84,216 రోస్ అఫెక్టెడ్. ఊళ్ళో కస్టమర్లందరిదీ ఇప్పుడు ఒకటే ఫోను. వీరుడు వణికే వేళ్ళతో రోల్‌బ్యాక్ కొట్టాడు. మైఎస్‌క్యూఎల్ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది: క్వెరీ ఓకే, 0 రోస్ అఫెక్టెడ్. అడిగారు గనక చేశాను, వెనక్కి తీసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు అని దాని భావం. అదే పోస్ట్‌గ్రెస్ అయితే, నడుస్తున్న ట్రాన్సాక్షనే లేదని మొహం మీదే వార్నింగు ఇస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు; ఇక్కడ పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు, నిన్నటి బ్యాకప్ ఉంటే ఉన్నట్టు.

ముందు బిగిన్ కొట్టి, అప్‌డేట్ నడిపి, ఎన్ని రోలు మారాయో చూసి, ఒకటి అని ఉంటేనే కమిట్ కొట్టడానికి పట్టేది పది సెకన్లు. ఆ పది సెకన్లు మిగుల్చుకున్నందుకు తెల్లవార్లూ పదిమంది కాల్‌లో కూర్చున్నారు. మైఎస్‌క్యూఎల్ వాళ్ళు ఈ పరాక్రమాన్ని ముందే ఊహించి, కమాండ్ లైన్ క్లయింటులో ఒక ఆప్షన్ పెట్టారు. అది ఆన్ చేస్తే, వేర్‌లో కీ గానీ, చివర్లో లిమిట్ గానీ లేని అప్‌డేట్‌నీ డిలీట్‌నీ నడవనివ్వదు. పేరు సేఫ్-అప్‌డేట్స్. దానికి మారుపేరు కూడా వాళ్ళే పెట్టారు: ఐ-యామ్-ఎ-డమ్మీ. మొద్దునని ఒప్పుకుంటే డేటా దక్కుతుంది. కానీ సీనియర్ లీడ్ అని ఐడీ కార్డు మీద రాయించుకున్నవాడు అంత మాట ఎలా ఒప్పుకుంటాడు? డేటా పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, డిజిగ్నేషన్ పోతే రాదు.

"ఆటోకమిట్ ఉంటే స్పీడుగా ఉంటుందండీ, ట్రాన్సాక్షన్లు పెడితే స్లో" అనే పండితులూ ఉన్నారు. లక్ష రోలు ఒక్కొక్కటిగా ఆటోకమిట్‌లో ఇన్సర్ట్ చెయ్యడమంటే, ఒక్కో ముద్ద తిని ఒక్కోసారి లేచి చెయ్యి కడుక్కురావడం. ప్రతి కమిట్‌కీ డేటా నిజంగా డిస్కుకి చేరిందని ఖాయం చేసుకోవాలి కదా. ఎస్‌క్యూలైట్ వాళ్ళు ఈ సంగతి తమ ప్రశ్నోత్తరాల్లోనే రాసుకున్నారు: మామూలు డెస్క్‌టాప్ మీద సెకనుకి 50,000 ఇన్సర్ట్‌లు అవలీలగా చేస్తుంది, ట్రాన్సాక్షన్లు మాత్రం, నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు మీద, సెకనుకి 60 దాకానే. బిగిన్, కమిట్‌ల మధ్య పెడితే నిమిషం పట్టని లోడింగు, పండితుల స్పీడు పద్ధతిలో అరగంట దాకా పడుతుంది. అప్పుడు "సర్వర్ చాలట్లేదు, పెద్దది కొనండి" అని మెయిలు పెడతారు.

మరి డేటాబేస్ కంపెనీలు తక్కువ తిన్నాయా? ఒక్కొక్కరిది ఒక్కో ఆచారం. జావా వాళ్ళ జేడీబీసీలో కనెక్షన్ తెరిస్తే ఆటోకమిట్ ఆన్. పైథాన్ వాళ్ళ డీబీ-ఏపీఐ నియమం ప్రకారం మొదట్లో ఆఫ్‌లో ఉండాలి. జావాలో అలవాటుపడి పైథాన్‌కి మారిన కుర్రాడు వెయ్యి రోలు ఎక్కించి, అదే కనెక్షన్‌లో సెలెక్ట్ కొట్టి, వెయ్యీ ఉన్నాయని స్క్రీన్‌షాట్ తీసి, లాగౌట్ చేసి ఇంటికెళ్తాడు. పొద్దున టేబుల్ ఖాళీ. కమిట్ చెప్పకుండా కనెక్షన్ మూస్తే చేసిందంతా రద్దు. అదే పైథాన్‌లో నడిచే జాంగో వాళ్ళు 2013లో, 1.6 వెర్షన్‌తో, మళ్ళీ ఆటోకమిట్ పక్షం పుచ్చుకున్నారు. కనుక పైథాన్ రాసేవాడు ముందుగా ఏ పక్షంలో ఉన్నాడో తెలుసుకుని రాయాలి.

మైఎస్‌క్యూఎల్‌లో బిగిన్ చెప్పి, బుద్ధిగా నాలుగు అప్‌డేట్‌లు చేసి, మధ్యలో ఒక ఆల్టర్ టేబుల్ పెట్టారనుకోండి. అప్పటిదాకా చేసిందంతా అడక్కుండా కమిట్ చేసేస్తుంది. ఒరాకిల్ అంతకంటే భక్తిపరురాలు: అలాంటి కమాండ్ నడిపే ముందొకసారి, నడిపాక ఒకసారి. ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో విసుగొచ్చి ఎగ్జిట్ అని లేచిపోయినా, మామూలుగా అయితే, కమిట్టే. "వదిలేసి పోతున్నాను" అంటే "ఒప్పేసుకున్నాను" అని రాసుకునే రకం. మైఎస్‌క్యూఎల్‌లో 2010లో 5.5 వచ్చి ఇన్నోడీబీని డిఫాల్ట్ చేసేదాకా, మైఐసామ్ అనే ఇంజన్ రాజ్యమేలింది. అందులో బిగిన్ అంటే సరే అనేది, రోల్‌బ్యాక్ అన్నా సరే అనేది. చేసింది మాత్రం అలాగే ఉండేది. ప్రజాప్రతినిధి కావలసిన సాఫ్ట్‌వేరు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌ది ఇంకో విడ్డూరం. బిగిన్ చెప్పారు, మొదటి ఇన్సర్ట్ అయింది, రెండోది కన్‌స్ట్రెయింట్ తగిలి పడింది. స్క్రిప్టు ఆగదు. పడిన వాక్యాన్ని మాత్రం రద్దు చేసి మూడోదానికి పోతుంది, చివర్లో కమిట్ కనిపిస్తే మిగతా వాటికి ముద్ర వేస్తుంది. ఎక్సాక్ట్-అబార్ట్ అనే సెట్టింగు ఆన్ చేస్తేనే మొత్తం రద్దు. మామూలుగా అది ఆఫ్. అంటే ఆటోకమిట్ లేకపోయినా సగం పని దక్కే సదుపాయం. ఈ గుంపులో పోస్ట్‌గ్రెస్ ఒక్కతే కాస్త ముక్కుసూటి మనిషి. క్రియేట్ టేబుల్‌ని కూడా రోల్‌బ్యాక్ చేస్తుంది. మధ్యలో ఒక ఎర్రర్ వస్తే ఆ ట్రాన్సాక్షన్‌లో ఇంక ఏ మాటా వినదు. మీరు కమిట్ అని గద్దిస్తే, రోల్‌బ్యాక్ అని జవాబిచ్చి ఆ పనే చేస్తుంది. మనవాళ్ళు దాన్ని చూసి "పోస్ట్‌గ్రెస్‌లో ఏదో ప్రాబ్లం ఉంది సార్, కమిట్ అవ్వట్లేదు" అంటారు.

"మాకవన్నీ ఎందుకండీ, ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది" అనేవాళ్ళు అందరికంటే ధన్యజీవులు. స్ప్రింగ్‌లో మెథడ్ నెత్తిన ట్రాన్సాక్షనల్ అని ఒక చీటీ అంటిస్తారు. తాయెత్తు కట్టాం, ఇక భయం లేదు. ఆ తాయెత్తు డిఫాల్ట్‌గా రన్‌టైమ్ ఎక్సెప్షన్లకీ, ఎర్రర్లకీ మాత్రమే రోల్‌బ్యాక్ చేస్తుంది. చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే హాయిగా కమిట్ చేస్తుంది. అదే క్లాసులోని ఇంకో మెథడ్ నేరుగా పిలిస్తే తాయెత్తు అసలు పనే చెయ్యదు. ఇంకొందరు ఎర్రర్ వస్తే లాగ్‌లో రాసేసి ముందుకు పొమ్మంటారు. ఇన్నోడీబీలో డెడ్‌లాక్ తగిలితే ట్రాన్సాక్షన్ మొత్తం రద్దవుతుంది. లాగ్ రాసుకుని ముందుకు పోతే, మిగిలిన వాక్యాలకి పాత అధికారి, ఆటోకమిట్, మళ్ళీ డ్యూటీ ఎక్కుతారు. ఫలితం ఏమిటో చూడండి: బిగిన్ లేకపోతే మొదటి సగం మిగిలేది; బిగిన్ రాసినందుకు మొదటి సగం పోయి రెండో సగం మిగిలింది.

బిగిన్ రాస్తే ఇంకెవరూ చెయ్యి పెట్టలేరనేది ఇంకో మూఢనమ్మకం. చివరి సీసా ఒక్కటే ఉంది. ఇద్దరు కస్టమర్లు, రెండు ట్రాన్సాక్షన్లు. ఇద్దరూ సెలెక్ట్ కొట్టి ఒకటి ఉందని చూశారు, ఇద్దరి కోడూ ఒకట్లోంచి ఒకటి తీసేసి సున్నా రాసింది, ఇద్దరికీ కమిట్ అయింది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ డిఫాల్ట్‌గా నడిపే రీడ్ కమిటెడ్‌లో ఇది చక్కగా జరుగుతుంది. చదివేటప్పుడే ఫర్ అప్‌డేట్ అని తాళం వెయ్యాలి, లేదా స్టాకు ఒకటికి తగ్గకుండా ఉంటేనే తగ్గించమని అప్‌డేట్‌లోనే షరతు పెట్టాలి. బిగిన్ పనికి ఎల్ల గీస్తుంది. కాపలా విషయం విడిగా చెప్పుకోవాలి.

ఎల్ల గీయనివాళ్ళు ఒక రకమైతే, గీసి దాటనివాళ్ళు ఇంకో రకం. బిగిన్ కొట్టి, ఒక అప్‌డేట్ చేసి, కమిట్ మర్చిపోయి టీకి పోతారు. పోస్ట్‌గ్రెస్ ఆ సెషన్ పక్కన "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని రాసి పెట్టుకుంటుంది. ఆ రో మార్చాలనుకున్న ప్రతివాడూ క్యూలో నిలబడతాడు. వాక్యూమ్ వచ్చి చచ్చిన రోలని ఊడ్చబోతే, ఈ పెద్దమనిషి ఇంకా చూస్తాడేమోనని ఆగిపోతుంది. 2016లో 9.6 వెర్షన్‌లో ఇలాంటివాళ్ళని గెంటెయ్యడానికి టైమౌట్ పెట్టారు. డిఫాల్ట్‌గా అది సున్నా, అంటే ఎంతసేపైనా కూర్చోవచ్చు. పేమెంట్ గేట్‌వేకి కాల్ కూడా ట్రాన్సాక్షన్ లోపలే పెట్టేవాళ్ళు వీళ్ళకి పెద్దన్నలు. కస్టమరు ఓటీపీ వెతుక్కునేంతసేపూ స్టాకు టేబుల్లో ఆ రోకి తాళం. "మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది" అని ఎస్సెమ్మెస్ పంపేసి, ఆ తర్వాత రోల్‌బ్యాక్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు. కస్టమరు ఫోన్లోకి వెళ్ళి మెసేజిని రోల్‌బ్యాక్ చేసే కమాండు ఏ కంపెనీ దగ్గరా లేదు.

నిజంగా కష్టమైన చోటు వేరే ఉంది. యూపీఐలో మీ ఖాతా ఒక బ్యాంకులో, అవతలివాళ్ళది ఇంకో బ్యాంకులో. రెంటినీ ఒకే డేటాబేస్‌లో, ఒకే బిగిన్-కమిట్ మధ్య ఇరికించడం కుదరదు. ఇక్కడ కట్ అయి అక్కడ పడకపోవడం జరుగుతుంది. దానికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న సర్క్యులర్ ఇచ్చింది: డబ్బు అవతలి ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, అది దాటితే రోజుకి 100 రూపాయలు కస్టమరుకి కట్టాలి. రెండు సంస్థలు, రెండు డేటాబేసులు ఉన్నచోట పని ఎక్కడ ముగియాలో, ముగియకపోతే ఎవరు కట్టాలో రాసిపెట్టారు. ఒకే సర్వర్లో, ఒకే డేటాబేస్‌లో, పక్కపక్కనే ఉన్న నాలుగు టేబుళ్ళకి మనం ఆపాటి కూడా రాయలేకపోయాం.

అసలు రోగం డేటాబేస్‌లో లేదు. ఆర్డరు ఎప్పుడు ఆర్డరవుతుందో ఆటోకమిట్‌కి తెలియదు, స్ప్రింగ్‌కి తెలియదు, జేడీబీసీకి తెలియదు. పచ్చళ్ళ ఓనరుకి తెలుసు. ఆయన్ని అడిగి, అర్థం చేసుకుని, కోడులో బిగిన్ ఎక్కడ, కమిట్ ఎక్కడ అని రాయడానికే మనకి జీతమిస్తున్నారు. ఆ ఒక్క పనీ డిఫాల్ట్‌కి వదిలేసి, మిగతావన్నీ మనం చేస్తున్నాం.

కాబట్టి ఇంటర్వ్యూలు చేసే పెద్దలకొక మనవి. ఏసిడ్ అంటే ఏమిటని అడగడం మానెయ్యండి, అది ఫోన్లో కూడా దొరుకుతుంది. "నీ చివరి ప్రాజెక్టులో కమిట్ ఎక్కడ పెట్టావు, అక్కడే ఎందుకు పెట్టావు?" అని అడగండి. "ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది సార్" అన్నవాడికి ఆఫర్ లెటర్ ఇవ్వండి, వద్దనను. కాకపోతే జీతం అతని పద్ధతిలోనే వెయ్యండి. టీడీఎస్, పీఎఫ్ కోతలు మొదటి వాక్యం. నికర జీతం జమ రెండో వాక్యం. ఆటోకమిట్ ఆన్. రెంటికీ మధ్య ఒక నెల సర్వర్‌ని పడుకోబెట్టండి. లబోదిబోమంటూ హెచ్ఆర్ దగ్గరికొస్తే టికెట్ రైజ్ చెయ్యమనండి. "ఎడ్జ్ కేస్" అని రాసి క్లోజ్ చెయ్యండి. ఆ తర్వాత అతని కోడులో బిగిన్ ఎన్ని చోట్ల మొలుస్తుందో మీరే లెక్కపెట్టుకోండి.